జాన్ క్విన్సీ ఆడమ్స్ పార్టీ ఫిరాయించినాడా?

'ఫిరాయింపు' అనే మాట మన తెలుగులోనికి ఉర్దూ వాకిలి గుండా వచ్చినదే. 'ఫిర్నా' అనగా తిరగడం, 'ఫిరానా' అనగా త్రిప్పడం. మాటలో స్వతహాగా ఏ దోషమూ లేదు. రాజకీయాలలో అడుగు పెట్టిన తరువాతనే అది తిట్టుగా మారినది. ఒక ప్రజాప్రతినిధి ఒక పక్షాన్ని విడిచి వేరొక పక్షంలో చేరినాడని వినగానే, ఎందుకు విడిచినాడు, ఏమి పోగొట్టుకొన్నాడు, ఏమి రాబట్టుకొన్నాడు అని విచారించే ఓపిక మనకు ఉండదు. 'గోడమీది పిల్లి' అని ముద్ర కొట్టి ఊరుకొంటాము. ఈ ముద్ర అందరికీ ఒకే విధంగా తగునా అన్నది మా సందేహం.

ఈ సందేహానికి సమాధానం వెదకడానికి మేము అమెరికా సంయుక్త రాష్ట్రాల తొలినాటి చరిత్రలో ఒక వ్యక్తిని ఎన్నుకొన్నాము. అతడు జాన్ క్విన్సీ ఆడమ్స్. రెండవ అధ్యక్షుడైన జాన్ ఆడమ్స్ కుమారుడు, తానే ఆరవ అధ్యక్షుడు. 1803లో ఫెడరలిస్టుగా సెనేటులో ప్రవేశించినాడు. 1808లో రిపబ్లికన్ల వైపు వెళ్ళినాడు. ఆ పార్టీ రెండుగా చీలినప్పుడు నేషనల్ రిపబ్లికన్ అయినాడు. అధ్యక్ష పదవి పోయిన తరువాత ఫ్రీమేసన్ల రహస్య సంఘానికి వ్యతిరేకంగా పుట్టిన యాంటీ మేసనిక్ పార్టీలో చేరినాడు. చివరకు విగ్ పార్టీ సభ్యుడుగా కన్నుమూసినాడు. ఎనభై ఏండ్ల జీవితం, అయిదు పార్టీలు! పైపైన చూచినవారికి ఏ ఎండకు ఆ గొడుగు పట్టే ఘనుడుగానే కనిపిస్తాడు.

ముందుగా నాటి పరిస్థితి కొంత తెలిసి ఉండాలి. 1787లో ఫిలడెల్ఫియాలో వ్రాసిన అమెరికా రాజ్యాంగంలో రాజకీయ పార్టీల ప్రసక్తియే లేదు. వాషింగ్టన్ 1796లో పదవి నుండి విరమిస్తూ ప్రజలకు ఇచ్చిన సందేశంలో పార్టీతత్వం వలన కలిగే కీడును గూర్చి గట్టిగా హెచ్చరించినాడు. ఆ నాటికే హామిల్టన్ వెనుక ఫెడరలిస్టులు, జెఫర్సన్, మాడిసన్‌ల వెనుక రిపబ్లికన్లు చేరిపోయి ఉన్నారు. (ఈ రిపబ్లికన్లకూ 1854లో పుట్టిన నేటి రిపబ్లికన్ పార్టీకీ సంబంధం లేదు.) ఫెడరలిస్టులకు బలమైన కేంద్ర ప్రభుత్వం, ఓడరేవుల వర్తకం, ఇంగ్లండుతో స్నేహం కావాలి. రిపబ్లికన్లకు రాష్ట్రాల హక్కులు, వ్యవసాయం, ఫ్రాన్సు పట్ల సానుభూతి. సభ్యత్వ రశీదులు లేవు, విప్పులు లేవు. అయినా ద్వేషానికి మాత్రం కొదువ లేదు. ఇంకొక ముఖ్య విషయం: 1913 వరకు సెనేటర్లను ప్రజలు నేరుగా ఎన్నుకొనలేదు. రాష్ట్ర శాసనసభలే ఎన్నుకొనేవి. కనుక మాసచుసెట్స్ శాసనసభలో బలం ఎవరిదో సెనేటర్ తల ఎగరవేసే కత్తి వారి చేతిలో ఉన్నట్లే.

ఆడమ్స్ ఫెడరలిస్టు ఇంట పుట్టినాడు. అయినా ఆ పార్టీకి అతనితో మొదటి నుండీ ఇబ్బందియే. 1802లో మాసచుసెట్స్ రాష్ట్ర సెనేటుకు ఎన్నికైన వెంటనే, గవర్నరు సలహా మండలిలో రిపబ్లికన్లకు కూడా వారి బలాన్ని బట్టి స్థానాలు ఇవ్వవలెనని ప్రతిపాదించినాడు. స్వపక్షంవారు నివ్వెరపోయినారు. మరుసటి సంవత్సరం కేంద్ర సెనేటుకు వెళ్ళినాడు. జెఫర్సన్ ప్రభుత్వం ఫ్రాన్సు నుండి లూసియానాను సుమారు కోటిన్నర డాలర్లకు కొన్నప్పుడు, తన పార్టీ వ్యతిరేకించినా అతడు ఆ కొనుగోలును సమర్థించినాడు. అంతలోనే, లూసియానా నివాసుల సమ్మతి లేకుండా వారిపై పన్నులు విధించడం తగదని అదే జెఫర్సన్ పార్టీకి ఎదురు తిరిగినాడు. 1805లో సుప్రీం కోర్టు న్యాయమూర్తి శామ్యూల్ చేజ్‌ను తొలగించడానికి రిపబ్లికన్లు అభిశంసన నడిపినప్పుడు ఫెడరలిస్టులతో కలసి చేజ్ నిర్దోషి అని ఓటు వేసినాడు. ప్రతి విషయాన్నీ విడిగా తూచినాడే గాని, ఎవరు తెచ్చినారని చూడలేదు. ఇటువంటివానిని ఏ పార్టీ భరిస్తుంది?

అసలు పరీక్ష 1807లో వచ్చినది. ఇంగ్లండు, ఫ్రాన్సు దేశాలు యుద్ధంలో మునిగి ఉన్నవి. బ్రిటిష్ నౌకాదళం అమెరికా ఓడలను ఆపి, పారిపోయిన తమ నావికులని చెప్పి మనుషులను పట్టుకొని పోతున్నది. ఆ సంవత్సరం జూన్ 22న వర్జీనియా తీరానికి సమీపంలో 'లెపర్డ్' అనే బ్రిటిష్ యుద్ధనౌక 'ఛెసపీక్' అనే అమెరికా యుద్ధనౌకపై ఫిరంగులు పేల్చి, నలుగురు నావికులను బలవంతంగా తీసికొనిపోయినది. ఛెసపీక్ మీద ముగ్గురు అక్కడికక్కడే చనిపోయినారు. దేశమంతా అట్టుడికిపోయినది. బోస్టన్‌లోని ఫెడరలిస్టు పెద్దలు మాత్రం కదలలేదు. వారి వర్తకమంతా ఇంగ్లండుతోనే. నిరసన సభ జరుపుదామని ఆడమ్స్ అడిగితే వద్దన్నారు. అప్పుడతడు రిపబ్లికన్లు పిలిచిన సభకు వెళ్ళి కూర్చున్నాడు, తీర్మానాలు వ్రాసే సంఘంలో కూడా చేరినాడు. ఆ రోజు నుండి బోస్టన్ వర్తక కుటుంబాల దృష్టిలో అతడు ద్రోహి.

డిసెంబరులో జెఫర్సన్ నౌకావాణిజ్య నిషేధ చట్టాన్ని తెచ్చినాడు. దానికి ఎంబార్గో అని పేరు. అమెరికా ఓడ ఏదీ విదేశాలకు సరకులతో బయలుదేరరాదు. యుద్ధం చేయకుండా ఇంగ్లండు, ఫ్రాన్సులను దారికి తేవడం దాని ఉద్దేశం. దెబ్బ మొదట తగిలేది ఆడమ్స్ స్వరాష్ట్రానికే. మాసచుసెట్స్ అంటే ఓడలు, ఓడలంటే మాసచుసెట్స్. సెనేటులో 22 ఓట్లు అనుకూలంగా, 6 ఓట్లు ప్రతికూలంగా వచ్చినవి. అనుకూలంగా ఓటు వేసిన ఒకే ఒక ఫెడరలిస్టు ఆడమ్స్.

ఆ చట్టం మంచిదా? కాదనే మేము చెప్పుతాము. 1807లో పది కోట్ల ఎనభై లక్షల డాలర్లున్న అమెరికా ఎగుమతులు 1808లో రెండు కోట్ల ఇరవై లక్షలకు పడిపోయినవి. రేవులలో ఓడలు కుళ్ళినవి, నావికులు పస్తులున్నారు, దొంగ రవాణా పెరిగినది. ఇంగ్లండు లొంగలేదు. మరుసటి శీతకాలంలో ఆడమ్స్ కూడా దీనిని తీసివేసి, ఆ రెండు దేశాలతో మాత్రమే వర్తకం మానుకొనే పద్ధతి పెట్టవలెనని వాషింగ్టన్‌లోని మిత్రులకు సలహా వ్రాసినాడు. 1809 మార్చిలో ఎంబార్గో రద్దయి అటువంటి చట్టమే వచ్చినది. ధైర్యంగా వేసిన ఓటు సరియైన ఓటే కానక్కరలేదు. ఈ భేదాన్ని విద్యార్థులు గమనించాలి. ఆడమ్స్‌ను పొగడే పుస్తకాలు చాలావరకు ఈ భాగాన్ని తేలికగా దాటవేస్తాయి.

ఇక్కడ రెండవ పాత్రను ప్రవేశపెట్టాలి. మాసచుసెట్స్‌కు ఉన్న రెండవ సెనేటర్ తిమోతి పికరింగ్. ఇతడు జీవితాంతం ఫెడరలిస్టు. పార్టీ మారినాడని ఇతనిని ఎవరూ అనలేరు. వాషింగ్టన్ దగ్గర, తరువాత జాన్ ఆడమ్స్ దగ్గర విదేశాంగ మంత్రిగా పనిచేసి, 1800లో పెద్ద ఆడమ్స్ చేత ఉద్వాసన పొందినాడు. ఆ పగ కుమారుని వరకు సాగినది. 1804లో ఇదే పికరింగ్, జెఫర్సన్ పాలన భరించలేక, న్యూ ఇంగ్లండు రాష్ట్రాలను అమెరికా నుండి విడదీసి వేరే సమాఖ్య నిర్మించాలని తోటివారికి ఉత్తరాలు వ్రాసినాడు. 1808లో ఎంబార్గోను తిడుతూ మాసచుసెట్స్ గవర్నరుకు బహిరంగ లేఖ ప్రకటించినాడు. అదే కాలంలో బ్రిటిష్ రాయబారి జార్జ్ రోజ్‌తో కూడా ఉత్తర ప్రత్యుత్తరాలు నడిపినాడు.

పికరింగ్ లేఖకు ఆడమ్స్ ఆ మార్చి నెలాఖరున హారిసన్ గ్రే ఓటిస్ పేర సమాధానం వ్రాసి అచ్చు వేయించినాడు. ఇంగ్లండు 1807 నవంబరులో జారీ చేసిన ఉత్తరువులు అమెరికా వర్తకాన్ని తమ అనుమతికి లోబరచినవి కదా, మీ లేఖలో వాటి ఊసే లేదేమి అని నిలదీసినాడు. మాకు ఈ వివాదంలో ఆశ్చర్యం కలిగించేది ఒకటి ఉన్నది. దేశాన్ని చీల్చాలని కలలు కన్నవాడు పార్టీకి విశ్వాసపాత్రుడు. దేశం కలసి ఉండాలన్నవాడు పార్టీ ద్రోహి. ఉర్దూ గజళ్ళలో 'వఫా' ఎవరి పట్ల అన్న ప్రశ్న రాదు, ప్రేయసి ఒక్కతే గనుక. రాజకీయాలలో మాత్రం ప్రతినిధి ఒకేసారి ఎన్నుకొన్నవారికి, పార్టీకి, రాష్ట్రానికి, దేశానికి మాట ఇచ్చి ఉంటాడు. నాలుగు మాటలూ ఒకే దారిన నడిచినంత కాలం చిక్కు లేదు.

నిజంగా గోడమీది పిల్లి ఎట్లుంటుందో చూడగోరితే అదే కాలంలో ఆరన్ బర్ ఉన్నాడు. 1800 ఎన్నికలో రిపబ్లికన్ పార్టీ అతనిని ఉపాధ్యక్షునిగా చేయదలచినది. అప్పటి పద్ధతిలోని లోపం వలన జెఫర్సన్‌కూ బర్‌కూ సమానంగా 73 ఓట్లు వచ్చినవి. 'అధ్యక్ష పదవి జెఫర్సన్‌దే, నేను తప్పుకొంటున్నాను' అని బర్ స్పష్టంగా అనలేదు. ప్రతినిధుల సభ 36 మారులు ఓటు వేయవలసి వచ్చినది. 1804లో న్యూయార్క్ గవర్నరు పదవికి ఫెడరలిస్టుల అండతో పోటీ చేసి ఓడినాడు. ఆ వేసవిలోనే ద్వంద్వయుద్ధంలో హామిల్టన్‌ను చంపినాడు. బర్ వేసిన ప్రతి అడుగుకు ముందు ఒక పదవి ఉన్నది. ఆడమ్స్ వేసిన అడుగుకు ముందు ఏమున్నది?

రాజీనామా ఉన్నది. 1808 జూన్‌లో మాసచుసెట్స్ శాసనసభ, ఆడమ్స్ పదవీకాలం మరుసటి మార్చి వరకు ఉండగానే, తొమ్మిది నెలలు ముందుగా అతని స్థానానికి జేమ్స్ లాయిడ్‌ను ఎన్నుకొన్నది. ఎంబార్గో రద్దుకు కృషి చేయవలెనని సెనేటర్లను ఆదేశిస్తూ తీర్మానం కూడా చేసినది. చట్టప్రకారం ఆడమ్స్ ఆ తొమ్మిది నెలలూ కుర్చీలో కూర్చొనవచ్చును. అడ్డుకొనగలవారు లేరు. కాని జూన్ 8న రాజీనామా పంపివేసినాడు. మీ ఆదేశాన్ని నా మనస్సాక్షి ఒప్పదు, మీ ఆదేశానికి విరుద్ధంగా మీ స్థానంలో కూర్చొననూ కూర్చొనను — సారాంశం ఇదే. తరువాత హార్వర్డ్‌లో విద్యార్థులకు వక్తృత్వశాస్త్రం బోధించుకొన్నాడు. 1806 నుండి ఆ పీఠంలో మొదటి ఆచార్యుడు అతడే. పాఠం చెప్పేవాడు రాజకీయాలలో ఎట్లు ప్రవర్తిస్తాడోనని చూచే కళ్ళు తరగతిలోనే ఎన్ని ఉంటాయో మా వృత్తిలోని వారికి తెలుసు. పాత మిత్రులు వీధిలో పలకరించడం మానివేసినారు.

ప్రత్యర్థుల వాదన కూడా వినాలి. 'ఊరకనే వెళ్ళలేదు, బహుమతి ముట్టినది' అన్నారు వారు. నిజమే, మాడిసన్ 1809 మార్చి 4న అధ్యక్షుడై, 6వ తేదీననే ఆడమ్స్‌ను రష్యాకు రాయబారిగా ప్రతిపాదించినాడు. రాజీనామా చేయకపోయి ఉంటే సెనేట్ పదవీకాలం ముగిసేది ఆ మార్చి 3వ తేదీతోనే. సెనేట్ మొదట ఒప్పుకొనలేదు, జూన్‌లో గాని ఆమోదం రాలేదు. బేరం జరిగినదనే ఆధారం లేదు. అయితే, పక్షం మారినవానికి క్రొత్త పక్షంవారు పదవి ఇచ్చినప్పుడు జనం అనుమానించడం తప్పా? తప్పు కాదు. అనుమానం ప్రజల హక్కు. మన దేశంలో 1985లో 52వ సవరణ ద్వారా ఫిరాయింపుల నిషేధం రాజ్యాంగంలో చేరినది. 2003లో 91వ సవరణ, ఫిరాయించి అనర్హుడైన సభ్యుడు ఆ సభ గడువు ముగిసేవరకో, తిరిగి ఎన్నికయ్యేవరకో మంత్రి పదవిగాని, జీతభత్యాలుండే ఇతర రాజకీయ పదవిగాని పొందరాదన్నది. చట్టం చేయగలిగినది అంతే. ఓటును లెక్కించగలదు, పదవిని ఆపగలదు. విప్పును ధిక్కరించినవాడు ఆడమ్స్ వంటివాడా, బర్ వంటివాడా అన్నది చట్టం చూడదు. ఇద్దరి కుర్చీనీ ఒకే విధంగా లాగివేస్తుంది. ఆ చట్టం వద్దనడం మా ఉద్దేశం కాదు. కుర్చీ పోతుందని తెలిసి ఓటు వేసినవానిని గౌరవించే పని మాత్రం చట్టం చేయదు, పౌరులే చేయాలి.

1825 సంగతిని కూడా కొందరు ఈ లెక్కలోనే చేర్చుతారు. ఆ ఎన్నికలో జాక్సన్‌కు 99, ఆడమ్స్‌కు 84, క్రాఫర్డ్‌కు 41, క్లేకు 37 ఎలక్టొరల్ ఓట్లు వచ్చినవి. ఎవరికీ సగానికి మించి రాలేదు గనుక నిర్ణయం ప్రతినిధుల సభకు వెళ్ళినది. నాలుగవ స్థానంలోని క్లే బరువు అటు పడగా 13 రాష్ట్రాలతో ఆడమ్స్ గెలిచినాడు, వెంటనే క్లేను విదేశాంగ మంత్రిని చేసినాడు. ఇది ఫిరాయింపు కాదు, నలుగురూ ఒకే పార్టీవారు. కాని అవివేకం. నీతి గలవాడు తన నీతి అందరికీ కనబడుతూనే ఉన్నదనుకొనడం ఒక రకమైన గర్వం. ఆడమ్స్‌లో అది నిండుగా ఉన్నది. ఆ గర్వానికి మూల్యం 1828లో చెల్లించినాడు: జాక్సన్‌కు 178, తనకు 83.

తరువాతి పార్టీ మార్పులను గూర్చి ఎక్కువ చెప్పవలసినది లేదు. 1814–15 హార్ట్‌ఫర్డ్ సమావేశం అపఖ్యాతితో ఫెడరలిస్టు పార్టీయే నశించినది. విడిచినవాడు బ్రతికినాడు, విడువబడినది చచ్చినది. మాజీ అధ్యక్షుడుగా 1831లో ప్రతినిధుల సభలో ప్రవేశించినాడు. అట్లు చేసిన మాజీ అధ్యక్షుడు మరొకడు లేడు. 1833లో యాంటీ మేసనిక్ అభ్యర్థిగా గవర్నరు పదవికి నిలిచి ఓడినాడు. బానిసత్వాన్ని నిరసించే అర్జీలను సభ చేపట్టకుండా చేసిన 'నోరుమూత' నిబంధనపై 1836 నుండి 1844లో అది రద్దయ్యేవరకు పోరాడినాడు. ఒక్క సంఘటన మాత్రం విడువరానిది. 1833లో హార్వర్డ్ విశ్వవిద్యాలయం జాక్సన్‌కు గౌరవ డాక్టరేటు ఇచ్చినప్పుడు ఆడమ్స్ ఆ ఉత్సవానికి పోలేదు. అంతటి వైరం. 1835లో ఫ్రాన్సు ఇవ్వవలసిన నష్టపరిహారం విషయమై జాక్సన్ కఠినంగా మాట్లాడినాడు. ఆడమ్స్ సొంత పక్షం జాక్సన్‌ను ఖండించినది. ఆడమ్స్ లేచి జాక్సన్‌ను సమర్థించినాడు. ఆ సంవత్సరమే మాసచుసెట్స్ శాసనసభ సెనేట్ స్థానానికి అతనిని కాదని జాన్ డేవిస్‌ను ఎన్నుకొన్నది. ఇరవై ఏడేండ్ల తరువాత అదే శాసనసభ చేతిలో, అదే కారణానికి, అదే శిక్ష! వయస్సు అరువదియేడు. గోడమీది పిల్లికి ఇంత మతిమరుపు ఉండదు.

ఇంతా చెప్పిన తరువాత ఆడమ్స్ లెక్కలో ఒక బాకీ మిగిలి ఉన్నది. 1808 జనవరి 23న రిపబ్లికన్ పార్టీ కాంగ్రెసు సభ్యులు తమ అధ్యక్ష అభ్యర్థిగా మాడిసన్‌ను నిలబెట్టడానికి సమావేశమైనారు. ఫెడరలిస్టులు ఇచ్చిన స్థానంలో ఉంటూనే ఆడమ్స్ ఆ సమావేశానికి వెళ్ళినాడు. కన్నతల్లి అబిగేల్ కూడా ఇది నీ సిద్ధాంతాలకు తగినది కాదని ఉత్తరం వ్రాసి మందలించినది. మేము తల్లి పక్షమే. ఎంబార్గోకు ఓటు వేయడం ఒక విషయంపై అభిప్రాయం. అది ప్రతినిధి ధర్మంలోనిదే. ఎదుటి పార్టీ అభ్యర్థిని ఎన్నుకొనే సభలో కూర్చొనడం వేరు. ఆ వాకిలి దాటడానికి ముందే రాజీనామా వ్రాసి ఉండవలసినది. జూన్ 8 వరకు నాలుగున్నర నెలలు ఆలస్యమైనది. సెనేటర్ దేశానికే గాని శాసనసభకు బాధ్యుడు కాడు, కనుక రాజీనామాయే అనవసరమని వాదించేవారూ ఉన్నారు. మా చరిత్ర, రాజనీతిశాస్త్ర విద్యార్థులలో ఎవరైనా ఆ వాదాన్ని సాధారంగా నిలబెట్టగలిగితే, వచ్చే సంచికలో ఏ భాషా విభాగంలోనైనా సరే, అది అచ్చులో చూడగోరుతున్నాము.